మూడు వైసులూ ఒక గిటారూ

నందిగామ,
జూన్ నెల.

బావమరిది ఫ్రాన్సిస్‌కి,

ముందు వందనాలు, తర్వాత తిట్లు. తిట్లు ఎక్కువున్నాయి కాబట్టి వందనాలు ఒక్క మాటతో సరిపెడుతున్నాను.

ఇకమీదట నాకు ఫోన్ చెయ్యకు. నిన్న నువ్వు మాట్లాడినంతసేపూ నేను ఫోన్ చెవికి నొక్కిపట్టి "ఆఁ? ఆఁ?" అంటూనే ఉన్నాను. నువ్వు అరిచావు. నువ్వు అరిచావని నేనూ అరిచాను. మన మాటలు మా వీధిలో అందరికీ వినపడ్డాయి, నాకు తప్ప. పోనీ వాట్సాప్‌లో రాయరా అంటే వాయిస్ పంపుతావు. చెవిటివాడికి వాయిస్ పంపే తెలివి మీ ఇంట్లో నీకొక్కడికే వచ్చింది, మీ అక్కకి రాలేదు, సంతోషం. అందుకే ఈ ఉత్తరం. కోడిగుడ్ల పీరా రోజూ వ్యాను వేసుకుని జగ్గయ్యపేట వస్తాడు కదా, అతని చేతికిస్తున్నాను. నువ్వూ అతని చేతికే ఇవ్వు.

ఇక అసలు సంగతి. నిన్న నువ్వన్నదాంట్లో నా చెవికి ఆనింది ఒకే ఒక్క ముక్క. "వయసైపోయింది బావా, గిటారు ఇక అవదు." ఎంత వయసురా నీకు? నాకంటే ఏడేళ్ళు చిన్నవాడివి. మా పెళ్ళినాటికి నిక్కరేసుకుని తిరుగుతూ, నా బండి సైలెన్సర్ మీద కాలు కాల్చుకుని పందిరంతా గగ్గోలు పెట్టావు. నీకు వయసైపోతే నేనేమైపోవాలి? ఆ మాట మీ అక్కతో అన్నాను. అంతే, "తమ్ముడికేదో అయింది, మన దగ్గర దాస్తన్నాడు" అని ఫ్లోరెన్స్ ఒకటే ఏడుపు. మా ఇంట్లో రాత్రి కూర లేదు.

నీకు తెలియంది కాదు, అయినా కాగితం మీద పెడుతున్నాను. సిమెంటు ఫ్యాక్టరీలో నేను ఫిట్టరుగా చేసినన్నాళ్ళూ ఆ మిల్లు రోజుకింత నా చెవుల్ని తింటూ వచ్చింది. ఎడమది పూర్తిగా పోయింది. కుడి చెవిలో మిగిలిన కాస్తా నిలబడదనీ, ఉన్నప్పుడే వాడుకోమనీ విజయవాడ డాక్టరు చెప్పాడు. చెవి మిషను పెట్టుకుంటే పాస్టరుగారి గొంతూ పళ్ళేల చప్పుడూ ఒకేలా వినపడుతున్నాయి. చర్చిలో ఇన్నేళ్ళూ బజారు గిటారు వాయించాను, ఇప్పుడు దాని మెడ వంగిపోయింది. నువ్వు చేసిన గిటారు ఒకటి, ఈ చెవి ఉండగా ఒక్కసారి వినాలి. నా కోరిక అంతే. క్రిస్మస్ నాడు అందరి ముందూ మాటిచ్చింది నువ్వే.

నీ బావ,
డేవిడ్‌రాజు


జగ్గయ్యపేట,
జూన్ నెల.

బావా,

తిట్లు అందాయి. వందనాలు వ్యానులో గుడ్ల కింద పడి నలిగినట్టున్నాయి.

నేనన్నది వయసైపోయిందని కాదు. వైసైపోయిందని. వైసు! చెక్కనీ ఇనుమునీ రెండు దవడల మధ్య బిగించి పట్టే సామాను. ఫ్యాక్టరీలో బతుకంతా దాని ముందే నిలబడ్డావు, పేరు కూడా మర్చిపోయావా? నీ చెవి ఒక్క అక్షరం అటూ ఇటూ చేస్తే అక్కడ మా అక్క ఏడ్చింది, కూర మానేసింది, ఇక్కడ నేను ముసలాణ్ణయిపోయాను.

నా కొట్లో ఉన్న ఇనుప వైసుకి మర అరిగిపోయింది. బిగిస్తే జారుతోంది. తలుపులకీ, చర్చి బెంచీలకీ, శవపెట్టెలకీ అది చాలు. శవపెట్టె మీద గాటు పడిందని ఇంతవరకూ ఎవరూ లేచొచ్చి అడగలేదు. గిటారు మెడ అలా కాదు. ఇనుప దవడల్లో పెడితే పళ్ళు దిగుతాయి. పైగా మెడ ఒక చివర సన్నం, ఇంకో చివర లావు. దానికి తగ్గట్టు ఒక దవడ కొంచెం పక్కకి తిరిగి ఒదగాలి. గిటార్లు చేసేవాళ్ళు ఎక్కడైనా ఇలాంటిది ఎవరిది వాళ్ళే చెక్కతో చేసుకుంటారు, బజార్లో దొరకదు. దవడలకి లోపల తోలు అంటిస్తాను. కదలకుండా పట్టాలి, నొప్పి పెట్టకూడదు. మా ఆవిడ ఆరోగ్యమ్మ నన్ను పట్టుకున్నట్టు కాదు, మా అక్క నిన్ను పట్టుకున్నట్టు.

సర్ఫరాజ్ లేతు షాపులోనే కదా నీ కాపురం. అతని చేత జానెడు పొడవు మరబోల్టు ఒకటి తీయించు. మర లావుగా ఉండాలి, ఒక్క తిప్పుకే చాలా దూరం జరగాలి. పిడి కుడివైపుకి పొడుగ్గా రావాలి, ఒంటిచేత్తో తిప్పేలా. రెండో చేత్తో మెడ పట్టుకోవాలిగా మరి. బొమ్మ గీసి పెట్టాను.

మేలో పని సాగని మాట నిజమే. టేకు చూద్దామని ఖమ్మం వెళ్ళి అక్కడ కొన్నాళ్ళు ఇరుక్కుపోయాను. కర్ర ఎండాక మొదలెడతాను. అక్కని ఏడవొద్దను. నా ఒళ్ళు గుండ్రాయిలా ఉంది.

ఫ్రాన్సిస్


నందిగామ,
జూలై నెల.

వైసు బావమరిదికి,

నవ్వలేక చచ్చాను. మీ అక్క మాత్రం నవ్వలేదు. ఎందుకంటే నీ ఉత్తరం వచ్చేలోపే మహిళా సమాజంలో నీ వయసు గురించి ప్రత్యేక ప్రార్థన పెట్టించేసింది. పదిమంది ఆడవాళ్ళు మోకాళ్ళ మీద నిలబడి "మా ఫ్రాన్సిస్ తమ్ముడి వయసు నిలబెట్టు తండ్రీ" అని వేడుకున్నారు. ఇప్పుడది వయసు కాదమ్మా, వడ్రంగి సామాను అని వాళ్ళతో ఎవరు చెప్పాలి? చివరికి నేనే పాస్టరుగారి చెవిలో వేశాను. "ఏం పర్లేదండీ, పైనున్నాయనకి అర్థమయ్యే ఉంటుంది" అన్నారు. అన్నారని మీ అక్క కాగితం మీద రాసి చూపించింది.

బోల్టు పంపుతున్నాను. సర్ఫరాజ్ తీశాడు, నేను పక్కన కుర్చీ వేసుకుని తప్పులు పట్టాను. "అంకుల్, మీరు చెవులు లేకపోయినా నోటితో రెండూ కవర్ చేస్తన్నారు" అన్నాడు. ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. పిడి నువ్వు గీసినట్టే కుడివైపుకి బారుగా పెట్టించాను. మరీ అంత పొడుగు ఎందుకో నాకు తెలియలేదు, నీ కొట్టు నీ ఇష్టం.

ఒక సంగతి. మొన్న ఆదివారం చర్చి గంట వినపడలేదు. మీ అక్క చెయ్యి పట్టి లాగితే లేచాను. ప్రసంగం కూడా వినపడలేదు. రెండోది అందరికీ దొరికే అదృష్టం కాదులే గానీ, మొదటిదానికి గుండె జారింది. అందుకని వైసు చేసి ఊరుకోకు. గిటారు చెయ్యి.

డేవిడ్‌రాజు


జగ్గయ్యపేట,
ఆగస్టు నెల.

బావా,

వైసు వెలిసింది. ఒళ్ళు తుమ్మ, దవడలు టేకు, లోపల తోలు. తోలు ఆరోగ్యమ్మ పాత హ్యాండ్‌బ్యాగుది. ఆవిడకింకా తెలీదు, నువ్వు రాయకు. మెడ పెట్టి ఒంటిచేత్తో ఒక్క తిప్పు తిప్పితే చాలు, తిరిగే దవడ తనంతట తనే వాలు చూసుకుని కూర్చుంటుంది. చిత్రిక పట్టినా, ఉలి వేసినా కదల్లేదు. తీసి చూస్తే గాటు లేదు. చూసి చూసి నాకే దిష్టి తగులుతుందేమోనని గుడ్డ కప్పాను.

గుడ్డ కప్పినా లాభం లేకపోయింది. హైస్కూలు మోజెస్ మాస్టారు వచ్చి చూసి, సైన్సు గదికి రెండు కావాలన్నారు. బెంచీల కోసం వత్సవాయి నుంచి వచ్చిన పెద్దమనిషి బెంచీల మాట మర్చిపోయి, మందు కొట్టే పంపు విప్పుకోడానికి ఇలాంటిది ఒకటి చేసిపెట్టమని కూర్చున్నాడు. పీరా ఇంట్లో వాళ్ళకి చెప్పాడట, దీంతో పనసకాయ పట్టుకుంటే కోయడం తేలికేనా అని వాళ్ళావిడ గౌసియాబీ అడిగి పంపింది. గిటారు ఫ్రాన్సిస్ అనిపించుకుందామని ఆశపడ్డాను. బజార్లో ఇప్పుడు నా పేరు వైసు ఫ్రాన్సిస్.

నీకు గిటారు సంగతే కావాలి, తెలుసు. మెడ సగానికి పైగా చెక్కాను. పక్క చెక్కలు నీళ్ళలో నానేసి, వేడి గొట్టం మీద వంచుతున్నాను. వానలకి కర్ర తేమ లాగి మొండికేస్తోంది. వంచాక వాటిని పట్టి గీకడానికి ఇంకో వైసు కావాలి బావా. కాలితో తొక్కితే బిగిసేది, తీస్తే వదిలేది. మన కుట్టుమిషను తొక్కుడు లాంటిది. చేతులు రెండూ ఖాళీగా ఉంటే పని హాయి కదా. బొమ్మ ఇందులోనే ఉంది. సర్ఫరాజ్‌ని కోప్పడకుండా చేయించు.

ఫ్రాన్సిస్


నందిగామ,
సెప్టెంబరు నెల.

ఫ్రాన్సిస్,

తొక్కుడు వైసు సామాను పంపాను. చేరిందని ముక్క రాయలేదు. రాయకపోగా పీరా చేతికి ఇంకో బొమ్మ ఇచ్చి పంపావు. ఈసారి కడుపుతో నెడితే బిగిసే వైసు! తర్వాత ఏమిటి? ముక్కుతో బిగించేదా? నేను అడిగింది గిటారు. నాకు వస్తున్నవి వైసుల బొమ్మలు. నువ్వు గిటారు కోసం వైసు చేస్తున్నావో, వైసు కోసం గిటారు పేరు చెప్తున్నావో నాకర్థం కావడం లేదు. మీ ఊళ్ళో పంపు విప్పుకునేవాళ్ళూ, పనసకాయ కోసుకునేవాళ్ళూ హాయిగా ఉన్నారు. నేనే పిచ్చివాణ్ణి.

ఇక్కడ సంగతి విను. మొన్న మీ అక్క నన్ను కుక్కరు దగ్గర కాపలా పెట్టి బయటికెళ్ళింది. దాని ముందే కూర్చున్నాను. అది ఎన్ని కూతలు కూసిందో నాకు తెలియదు, పప్పు మాడి వాసన వస్తే లేచాను. ఈ వానాకాలమంతా నాకు కళ్ళతోనే గడిచింది. రేకుల మీద అంత వాన పడుతుంటే కిటికీలోంచి చూసి వాన అనుకోవాల్సి వస్తోంది. భయమేస్తోందిరా. నువ్వక్కడ నింపాదిగా దవడలకి తోలు అంటించుకుంటున్నావు.

చేతకాకపోతే చేతకాదని ఒక్క ముక్క రాయి. విజయవాడ వెళ్ళి కొనుక్కుంటాను. మాటిచ్చి తప్పించుకు తిరిగేవాళ్ళని నా సర్వీసులో చాలామందిని చూశాను, మన ఇంట్లో ఒకడుంటాడనుకోలేదు.

డేవిడ్‌రాజు


జగ్గయ్యపేట,
సెప్టెంబరు నెల.

గౌరవనీయులైన డేవిడ్‌రాజు బావగారికి,

తమరు దయతో పంపిన సామానూ, దానితోపాటు పంపిన మాటలూ క్షేమంగా అందాయి. రెండూ గట్టివే.

విజయవాడలో మంచి మంచి గిటారు షాపులున్నాయని నేనూ విన్నాను. తమరు స్వయంగా వెళ్ళి, నచ్చినది కొనుక్కోగలరు. మెరుగు బాగుంటుంది, ఆలస్యం ఉండదు, వైసుల గొడవ అసలే ఉండదు. తమరి ఆరోగ్యం గురించి రాసినది చదివి చాలా విచారించాను. వెంటనే కొనుక్కోవడమే మంచిది.

కడుపు వైసు బొమ్మ పీరాతో వెనక్కి పంపించగలరు. సర్ఫరాజ్‌గారికి శ్రమ వద్దు. ఇక్కడ ఎవరి చేతనైనా చేయించుకుంటాను.

మా అక్కగారికి వందనాలు.

ఇట్లు, విధేయుడు,
ఫ్రాన్సిస్, వడ్రంగి


నందిగామ,
సెప్టెంబరు నెలే.

ఫ్రాన్సిస్,

నువ్వు నన్ను తిట్టి ఉంటే నిశ్చింతగా పడుకునేవాణ్ణి. మీరు, తమరు అనేసరికి మతి పోయింది. మా పెళ్ళయినప్పటి నుంచీ నన్ను గారు అన్నది నువ్వు ఈ ఒక్కసారే.

బొమ్మ వెనక్కి పంపుదామని సర్ఫరాజ్ షాపుకి వెళ్ళాను. పాత రెండు బొమ్మలూ అక్కడే మేకుకి గుచ్చి ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోడానికి మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. సర్ఫరాజ్ కాసేపు చూసి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"అంకుల్, ఆయనకి ఎడం చెయ్యి లేదా?"

మొదటి దానికి పిడి కుడివైపు, ఒంటిచేత్తో తిప్పేలా. రెండోది కాలితో. మూడోది కడుపుతో. మూడింట్లో ఎక్కడా ఎడమ చేతికి పని పెట్టలేదు నువ్వు.

ఎడమ చేతికి ఏమైంది? మీ అక్కకి ఇంకా చెప్పలేదు. పీరాని అక్కడే నిలబెట్టి జవాబు రాసి పంపు.

బావ


జగ్గయ్యపేట,
సెప్టెంబరు నెల.

బావా,

పీరా గుమ్మంలో నిలబడ్డాడు. గుడ్లు ఎండకి పాడవుతాయని అంటున్నాడు గానీ కదలడం లేదు. నువ్వేదో గట్టిగానే చెప్పినట్టున్నావు.

మేలో ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే చేతిలో మగ్గు జారిపోయింది. వంగి తీద్దామంటే వేళ్ళు మాట వినలేదు. మూతి కూడా కొంచెం పక్కకి పోయిందట, ఆరోగ్యమ్మ చూసి కేక పెట్టింది. ఖమ్మం తీసుకెళ్ళారు. టేకు కోసం కాదు బావా. చిన్న స్ట్రోకు అన్నారు, మందులిచ్చారు, వేళ్ళకి వ్యాయామం చెప్పారు. మూతి సర్దుకుంది. కాలికేమీ కాలేదు. ఎడమ చెయ్యి భుజం దాకా బాగానే లేస్తుంది, వేళ్ళ దగ్గరికొచ్చేసరికి పట్టు లేదు. గ్లాసు పట్టుకుంటే ఎప్పుడు జారుతుందో తెలియదు. అక్కకి బీపీ ఉంది కదా, చెప్పొద్దని ఆరోగ్యమ్మ చేత ఒట్టేయించుకున్నాను.

ఇంకో మాట. ఆ రోజు ఫోన్లో నేనన్నది వయసైపోయిందనే. నీ చెవి సరిగ్గానే విన్నది. అక్క ఏడ్చిందని నీ ఉత్తరంలో చదివేసరికి ఏం రాయాలో తోచలేదు. ఎదురుగా బల్లకి పాత వైసు కనపడింది. వైసన్నానని రాసేశాను. రాశాక నిజంగానే వైసు చెయ్యాల్సి వచ్చింది. చేశాక చూస్తే, అది నా ఎడమ చెయ్యి చేసే పని చేస్తోంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అందుకే రెండోది అడిగాను, మూడోది అడిగాను. నీకు వేళాకోళంగా ఉంది గానీ, అవి లేకపోతే నేను ఎప్పుడో కొట్టు మూసేసేవాణ్ణి.

మెడ అయిపోయింది. పక్కలు అయ్యాయి, వెనక పలక అతికించాను. మిగిలింది పై పలక. గిటారు పలికేదంతా ఆ దేవదారు పలకే. దాన్ని ఎంత పలచన చెయ్యాలో కొలబద్ద చెప్పదు. అంచు రెండు వేళ్ళతో వదులుగా వేలాడదీసి పట్టి, రెండో చేత్తో తట్టి వినాలి. కొంచెం గీకి మళ్ళీ తట్టాలి. వైసులో బిగిస్తే నోరు మూసేసుకుంటుంది. అంత మెత్తగా పట్టే వైసు నేను చెయ్యలేకపోయాను. కడుపు వైసు కూడా దీనికోసమే గీశాను, పనికిరాదని గీస్తుండగానే తెలుసు. నా వేళ్ళతోనే పట్టి చూశాను, జారి కింద పడి ఒక పలక నిలువునా చీలింది. ఆరోగ్యమ్మని పట్టుకోమంటే, ఎక్కడ పడేస్తానోనని భయపడి చేట పట్టినట్టు పడుతుంది. మోగదు.

నీకు చెవి పోతోందని తెలిసీ నాకు చేతకాలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టదు బావా. తప్పించుకు తిరిగాననుకోకు.

ఫ్రాన్సిస్


నందిగామ,
అక్టోబరు నెల.

బావమరిదీ,

ఇల్లు చేరాను. నాలుగు రోజులకని వచ్చి మీ ఇంట్లో పది రోజులు తిన్నాను. ఆరోగ్యమ్మ చెల్లెమ్మ చేపల పులుసు ఇంకా నాలుక మీదే ఉంది. మీ అక్కకి అంతా చెప్పాను. మొదట నన్ను తిట్టింది, తర్వాత నిన్ను తిట్టింది, తర్వాత బట్టలు సర్దింది. రేపు పీరా వ్యానులో నీ మీదికి వస్తోంది. సిద్ధంగా ఉండు.

నీ కొట్లో జరిగినదానికి నువ్వింకా మూతి ముడుచుకునే ఉన్నావని తెలుసు. నేను పలక పట్టుకున్నాను, నువ్వు తట్టావు. నువ్వు "సరిపోయింది" అని తల ఊపావు. నేను కాదని తల తిప్పాను. చెవిటివాడు కాదంటున్నాడని నీకు రోషం వచ్చింది. నాకు చెవిలో ఏమీ లేదు, నిజమే. కానీ పలక నా వేళ్ళ మధ్య ఉంది కదా. నువ్వు తట్టినప్పుడల్లా ఆ అదురు వేళ్ళ చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇంకా మొద్దుగా ఉందని ఫ్యాక్టరీలో బేరింగు మీద చెయ్యేసి చెప్పినట్టే చెప్పాను. నువ్వు పళ్ళు కొరుకుతూ ఇంకొంచెం గీకావు. ఆ తర్వాత తట్టినప్పుడు మోచెయ్యి దాకా పాకింది. నీ మొహం చూశాను. నీకూ వేరేగా వినపడిందని నీ మొహమే చెప్పింది. ఒప్పుకోలేదు గానీ.

"ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి చెవి లేదు, ఇద్దరూ కలిసి గిటారు చేస్తారంట" అని ఆరోగ్యమ్మ గుమ్మంలో నవ్వుతుంటే నువ్వు నాకు సైగలు చేసి చెప్పావు చూడు, అన్ని రోజుల్లో నువ్వు ఎడమ చెయ్యి పైకెత్తి ఆడించింది అప్పుడే. వేళ్ళు కొంచెం కదులుతున్నాయి. నేను చూశాను.

వచ్చేటప్పుడు పీరా దారి పొడుగునా హారన్ కొట్టాడట. నాకు తెలియలేదు. పై పలక త్వరగా అతికించు.

బావ


జగ్గయ్యపేట,
డిసెంబరు నెల.

బావా,

గిటారు పంపుతున్నాను. గుడ్ల ట్రేల మధ్య దుప్పట్లో చుట్టి పెట్టాం. గుడ్లు పగిలినా పర్లేదు, దీనికి దెబ్బ తగలకూడదని అక్క పీరాకి చెప్పింది. "నా గుడ్లకి ఎవురూ చెప్పరా అమ్మా" అన్నాడతను. అక్క మొన్న మళ్ళీ వచ్చినప్పటి నుంచీ నా వేళ్ళకి పూటపూటా నూనె రాసి వ్యాయామం చేయిస్తోంది. ఖమ్మం డాక్టరే నయం బావా, అంత కర్కశుడు కాదు. వచ్చే వారం పంపించేస్తాను, నీ సామాను నువ్వు తీసుకో. లేదులే, ఇంకొన్నాళ్ళు ఉండనీ.

తీగలు వేశాను. నేను వాయించేవాణ్ణి కాదు కాబట్టి తట్టి, మీటి చూశాను అంతే. నాకు బాగానే ఉంది. కానీ నా బాగు ఎవరికి కావాలి? ఇది నీకు వినపడాలి.

నాకు భయంగా ఉంది. అక్టోబరు తర్వాత నీ చెవి ఇంకా దిగజారిందని అక్క చెప్పింది. నాలుగు నెలలు ముందు చేసి ఉంటే హాయిగా వినేవాడివి. నువ్వు వాయిస్తావు, వినపడదు, అయినా అద్భుతంగా ఉందిరా అని నాకు రాస్తావు. నీ గుణం నాకు తెలుసు. తిట్టేటప్పుడు నిజం చెప్తావు, జాలిపడితే అబద్ధం చెప్తావు. అందుకని బాగుందని రాయకు, నేను నమ్మను. వినపడకపోతే వినపడలేదని రాయి. తట్టుకుంటాను.

ఫ్రాన్సిస్


నందిగామ,
డిసెంబరు నెల.

ఫ్రాన్సిస్,

పని బాగోలేదు.

వివరంగా రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. గిటారు నిన్న మధ్యాహ్నం చేరింది. దుప్పటి విప్పాను. ఒళ్ళో పెట్టుకుని వాయించాను. ఏమీ లేదు. తీగలు కదులుతున్నాయి, వేళ్ళకి తగులుతున్నాయి, చెవిలో చప్పుడే లేదు. మిషను పెట్టుకుని వాయించాను. ఎక్కడో రేకు గీరినట్టు వచ్చింది. తీసి పారేశాను. చాలాసేపు దాన్ని అలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీకేం రాయాలా అని ఆలోచించాను. అబద్ధమే రాద్దామనుకున్నాను. నీకది ముందే తెలుసు, ఏం మనిషివిరా నువ్వు.

అలా కూర్చుని, అలసటకి తల వాల్చి గిటారు భుజం మీద గడ్డం ఆనించాను. కుడిచెయ్యి అలవాటుగా తీగల మీద పడింది. ఫ్రాన్సిస్, తల లోపల మోగింది. చెవిలోంచి కాదు. ఎముకలోంచి వచ్చింది. ఒక్కో తీగా వేరువేరుగా వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను, ఏడ్చాను. అలాగే గడ్డం ఆనించి, నాకు వచ్చిన కీర్తనలన్నీ వాయించాను. మెడ పట్టేసింది.

ఇక ఫిర్యాదు. నాలుగో తీగ, మెడ మీద అడ్డంగా దిగ్గొట్టిన కమ్మీల్లో మూడో ఫ్రెట్టు దగ్గర నొక్కితే గరగరమంటోంది. మొదట నా ఎముకల చప్పుడేమో అనుకున్నాను. మా క్వయరులో పాడే సింధూరని పిలిచి, ఎక్కడన్నది చెప్పకుండా అన్ని తీగలూ వాయించి చూపించాను. ఆ అమ్మాయి సరిగ్గా అక్కడే చెయ్యి ఎత్తింది. "నాలుగో తీగ గరగరలాడతంది అంకుల్, మీకెట్టా తెలిసిందండి?" అంది. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఆ పిల్ల గిటారు పాడైందనుకుని నన్ను ఓదార్చింది.

ఆ తర్వాతి ఫ్రెట్టు ఒక వెంట్రుకంత పైకి లేచి ఉంది. అదీ కారణం. నువ్వు సరిగా అరగదియ్యలేదు. మాటిచ్చిన పని ఇలా చేస్తే నేను ఒప్పుకోను. ఆదివారం ఆరాధనలో వాయించాలి, శనివారం లోపల ఆకురాయి తీసుకుని రా. వైసులేమీ మొయ్యకు. గిటారు నేను పట్టుకుంటాను.

డేవిడ్‌రాజు